ఖరగ్‌పూరు రైలుపట్టణము : యార్డు జీవితము, సమ్మెల జ్ఞాపకము

ఆంధ్రుల వలసల చరిత్ర వ్రాసినవారి దృష్టి మొదటినుండియు సముద్రముమీదనే నిలిచినది. రంగూను రేవులోని కూలీలు, మలయా రబ్బరుతోటలు, మారిషస్ ఫిజీ ద్వీపముల చెఱకుతోటలు మన వ్యాసములలో తరచుగా కానవచ్చును. ఓడ నెక్కినవానికి దొరకిన ఈ ఆదరము రైలుబండి నెక్కినవానికి దొరకలేదు. గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి ఉత్తరముగా పోయి, వంగదేశపు మేదినీపూరు జిల్లాలోని ఖరగ్‌పూరున స్థిరపడిన తెలుగు కుటుంబములు తరతరములుగా అచ్చటనే పుట్టి పెరుగుచున్నవి. వారి యిండ్లలో తెలుగుమాట నిలిచియున్నది. దానితోపాటు ఒక చరిత్రయు నిలిచియున్నది. అది రైల్వే యార్డు చరిత్ర, కార్మికుల సమ్మెల చరిత్ర.

ఈ చరిత్రకు ఆధారములు రెండు తెగలు. కంపెనీ నివేదికలు, శాసనసభా చర్చలు, పత్రికావార్తలు, నాయకుల ఆత్మకథలు ఒక తెగ. కుటుంబములలో తాతలనుండి మనుమలకు సంక్రమించిన మాటలు రెండవ తెగ. ఈ రెండును ఒకే సంఘటనను చెప్పునప్పుడైనను ఒకే తీరున చెప్పవు. పత్రములు సమ్మెను మనుష్యుల లెక్కతోను దినముల లెక్కతోను కొలుచును. జ్ఞాపకము దానిని ఇండ్ల లెక్కతో కొలుచును. ఈ భేదము కేవలము మరపువలన కలిగినది కాదనియు, రైలుపట్టణపు నిర్మాణములోనే దానికి కారణము కలదనియు చూపుట ఈ వ్యాసమున కుద్దేశము. రైలుపట్టణమున పని యిచ్చువాడును ఇల్లిచ్చువాడును ఒక్కడే. అందుచేత అచ్చటి సమ్మె కూలికొరకు ఆరంభమైనను ఇంటికొరకు జరుగు పోరాటముగా పరిణమించును.

1. పట్టణము పుట్టుక

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడెను. అంతకుముందు నాగపూరు, ఛత్తీస్‌గఢ్ ప్రాంతముల నడుమ నడచుచుండిన మీటరుగేజి మార్గమును ఆ కంపెనీ స్వీకరించి, బ్రాడ్‌గేజిగా మార్చి, 1891 నాటికి దానిని ఆసన్‌సోలు వరకు పొడిగించెను. 1900లో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపై వంతెన పూర్తియగుటతో హౌరాకు మార్గము తెరచుకొనెను. హౌరానుండి వచ్చు మార్గమును, నాగపూరు దెసకు పోవు మార్గమును, కటకముమీదుగా దక్షిణమునకు దిగు మార్గమును కలియుచోట ఖరగ్‌పూరు వెలసినది. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో కంపెనీ తన ప్రధాన కర్మాగారము నచ్చట నెలకొల్పుటతో అది కేవలము కూడలి స్టేషనుగా నుండక కార్మికపట్టణమైనది.

ఇదే కాలమున మన తీరమున మరియొక మార్గము సిద్ధమైనది. బెజవాడ కటకముల నడుమ తూర్పుతీర రైలుమార్గము 1893 మొదలు 1896 వరకు భాగములుగా తెరువబడెను. ఆ పిమ్మట 1901, 1902 ప్రాంతమున దానిని రెండుగా విభజించిరి. వాల్తేరునకు దక్షిణభాగము మద్రాసు రైల్వేకును, ఉత్తరభాగము బెంగాల్ నాగపూర్ రైల్వేకును చెందెను. ఈ విభజన కార్యాలయములకు సంబంధించినదిగా పైకి కానవచ్చును. కాని ఆంధ్రుల వలసచరిత్రలో దీని ఫలితము గొప్పది. విజయనగరము, శ్రీకాకుళము, పలాస, బరంపురము ప్రాంతముల పల్లెలవారికి అప్పటినుండి పని యిచ్చు కంపెనీ కేంద్రము మద్రాసు వైపున గాక వంగదేశమువైపున నుండెను. ఇచ్చాపురమునుండి పెరంబూరు పోవుట ఆ కుటుంబములకు పరదేశయానము. ఖరగ్‌పూరు పోవుట తమ లైనులోనే పోవుట. 1888-89 సంవత్సరముల గంజాము కరవును చూచియున్న తరమునకు నెలజీతముగల కొలువు ఎంతటి ఆకర్షణయో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ వలస ఓడవలసకంటె భిన్నమైనది. రంగూను పోయినవాడు సంవత్సరములకొలది కుటుంబమునకు దూరమై యుండెను. రైలుకొలువువానికి పాసు కలదు. పండుగకు, పంటకోతకు, పెండ్లికి స్వగ్రామము వచ్చి పోవచ్చును. మొదట ఒంటరిగా పోయినవాడు పిమ్మట తమ్ముని, బావమరిదిని, మేనల్లుని తీసికొనిపోయెను. ఆ వెనుక భార్యాబిడ్డలు పోయిరి. మథురకాటి, నింపురా మున్నగు ప్రాంతములలోని తెలుగు నివాసము లీ విధముగా బంధుత్వపు త్రోవనే పెరిగినవి. కావున ఖరగ్‌పూరున ఒక కొలువు పోయినచో దాని దెబ్బ ఆ యింటితో ఆగదు. అది మూడువందల మైళ్లకు పైబడిన దూరముననున్న పల్లెలోని ముసలి తల్లిదండ్రులకును తగులును.

2. యార్డు జీవితము

యార్డు అనగా పట్టాల సమూహము మాత్రమే కాదు. వచ్చిన సరకుబండిని విడగొట్టి, ఒక్కొక్క వ్యాగనును అది పోవలసిన దిక్కునుబట్టి వేరువేరు లైనులలోనికి త్రోసి, క్రొత్తబండ్లుగా కూర్చుచోటు యార్డు. ఈ పనికి షంటింగు అని పేరు. ఆ మాట తెలుగు ఖలాసీ నోట ఇంటిమాటయే. షంటింగు ఇంజను వ్యాగనులను నెట్టును. పాయింట్స్‌మన్ పట్టాల నాలుకలను ఇటునటు మార్చి దారి చూపును. వ్యాగనుల నడుమ దూరి గొలుసు తగిలించువా డొకడు. గార్డు దీపమో, పచ్చజెండా ఎఱ్ఱజెండాలో సంజ్ఞ చేయును. రాత్రివేళ, వర్షములో, పొగమంచులో ఈ పని యంతయు చేతిదీపముల వెలుగున జరుగుచుండెను. రెండు వ్యాగనుల బఫర్ల నడుమ క్షణకాలము ఏమరుపాటు ప్రాణమునకో, చేతికో, కాలికో అపాయము. యార్డు కుటుంబములలో చెయ్యి పోయినవారి, కాలు పోయినవారి కథలు లేని కుటుంబము అరుదు.

లోకోషెడ్డు వేరొక లోకము. ఆవిరియంత్రము పరుగు ముగించి వచ్చిన వెంటనే విశ్రమించదు. దాని పొయ్యిలోని నిప్పును, గడ్డకట్టిన చిట్టెమును గుంటలో దులుపవలెను. బొగ్గు నింపవలెను, నీరు పట్టవలెను, చక్రములు జారకుండుటకు ఇసుక నింపవలెను. కొన్ని దినముల కొకమారు బాయిలరును చల్లార్చి లోపల కడుగవలెను. ఆవిరియంత్రమును చల్లని స్థితినుండి పరుగునకు సిద్ధము చేయుటకు అనేక గంటలు పట్టును. ఈ సాంకేతిక విషయమునకు సమ్మెచరిత్రలో ప్రాధాన్యము కలదు. మగ్గమును ఆపి మరల నడుపుట వేరు, నిప్పు ఆరిన ఇంజనును మరల నడుపుట వేరు. షెడ్డులో నిప్పులు ఆర్పివేసినచో మరునాడు ఎవరు వచ్చినను బండ్లు వెంటనే కదలవు. కొద్దిమంది ఖలాసీల చేతిలో ఎంతటి శక్తి యుండెనో దీనివలన తెలియును.

రాత్రివేళ డ్యూటీకి పోవలసిన డ్రైవరును, ఫైర్‌మన్‌ను లేపుటకు కాల్‌బాయ్ అనుపేర కుఱ్ఱవాడొకడు నియమింపబడుచుండెను. అతడు లాంతరుతోను పుస్తకముతోను క్వార్టరు తలుపు తట్టి, పుస్తకములో సంతకము తీసికొని పోవును. పగటివేళ కర్మాగారపు సైరను ఊరంతటికి గడియారము. షాపులో అడుగిడువాడు అంకె చెక్కిన లోహపు బిళ్లను తీసికొనవలెను, వెడలునప్పుడు ఇచ్చివేయవలెను. బిళ్ల అందకున్న ఆనాటి కూలి లేదు. ఇట్లు కంపెనీ కాలము కార్మికుని గుమ్మము దాటి పడకవరకును వచ్చినది. పొయ్యిమీద ఎసరు ఎప్పుడు పెట్టవలెనో, పిల్లలు ఎప్పుడు నిద్రింపవలెనో సైరనును డ్యూటీచార్టును నిర్ణయించినవి.

ఇల్లును కంపెనీదే. నీటికుళాయి కంపెనీది, వీధిదీపము కంపెనీది, ఆసుపత్రి కంపెనీది, పారిశుధ్యము కంపెనీది. క్వార్టర్ల తరగతి ఉద్యోగపు తరగతిని అనుసరించును. ఆ రోజులలో ఉద్యోగపు తరగతి జాతిభేదమును సయితము అనుసరించెను. మెయిలుబండ్ల డ్రైవర్లు, ఫోర్మన్లు ఐరోపావారు, ఆంగ్లో ఇండియనులు. వారి బంగళాలు విశాలములు. పొయ్యిలో బొగ్గు వేయువాడు, గొలుసు తగిలించువాడు, పట్టాలు మోయువాడు భారతీయుడు. అతని నివాసము వరుసగదులలో ఒకటి. ఆ వరుసలలో తెలుగువాడు ఒరియా, వంగ, హిందుస్తానీ భాషలవారి పొరుగున కాపురముండెను.

ఈ పొరుగు భాషయందు స్పష్టముగా కానవచ్చును. ఖలాసీ అను మాట ఓడపనివారి నుండి హిందుస్తానీద్వారా రైలుపనికి వచ్చినది. మేస్త్రీ అను మాటకు మూలము పోర్చుగీసు. గ్యాంగు, మేటు, పాయింటు, డ్యూటీ, పాసు ఆంగ్లమునుండి వచ్చినవి. వీనిని తెలుగు ప్రత్యయములు స్వాధీనము చేసికొన్నవి. “గ్యాంగులో పడినాడు”, “లైనుమీద ఉన్నాడు”, “పాసు తీసినాడు” అనునవి కేవలము అరువుమాటలు గావు. ఒక్కొక్కటి ఒక్కొక్క జీవితస్థితిని తెలుపు పలుకుబడి. మన నిఘంటుకారులు వీనిని ఏరుకొనవలసియున్నది.

3. 1927 : రెండు ఘట్టములు

రైల్వే కార్మికుల సమ్మె ఇరువదవ శతాబ్దిలో పుట్టినది కాదు. 1862లోనే హౌరాలో సుమారు 1,200 మంది రైల్వే కార్మికులు దినమునకు ఎనిమిది గంటల పని కావలెనని పని మానిరి. మేడే ఉద్యమమునకు మూలమైన 1886 నాటి చికాగో ఘటనలకు ఇది ఇరువదినాలుగేండ్లు ముందు. కాని సంఘబలముతో, దీర్ఘకాలము సాగిన రైలుసమ్మెలు మొదటి ప్రపంచయుద్ధానంతరము వచ్చినవే. యుద్ధకాలమున ధరలు పెరిగెను. యుద్ధానంతరము పొదుపు అను పేర ఉద్యోగుల తగ్గింపు ఆరంభమయ్యెను. 1922-23లో ఇంచ్‌కేప్ సంఘము ప్రభుత్వవ్యయము తగ్గింపును సూచించెను. 1926లో సర్ విన్సెంట్ రేవన్ అధ్యక్షతన రైల్వే కర్మాగారముల విచారణసంఘము ఏర్పడెను. కర్మాగారములలో పనివారు అవసరమునకు మించియున్నారను వాదమునకు దానివలన బలము చేకూరెను. కర్మాగారముమీద ఆధారపడిన పట్టణమునకు ఈ వాదము పిడుగువంటిది.

ఖరగ్‌పూరున బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికసంఘమునకు నాయకత్వము వహించినవారిలో ముఖ్యులు వరాహగిరి వేంకటగిరి. 1894లో బరంపురమున జన్మించి, డబ్లినులో న్యాయశాస్త్రము చదివి, 1916లో తిరిగివచ్చిన గిరి న్యాయవాదవృత్తినుండి కార్మికోద్యమమునకు వచ్చెను. అఖిలభారత రైల్వే కార్మికసమాఖ్య స్థాపకులలో ఒకడై దానికి ప్రధాన కార్యదర్శిగా పెక్కేండ్లు పనిచేసెను. కార్మికులలో అనేకులకు అతడు తమ ప్రాంతపువాడు, తమ భాష తెలిసినవాడు. పిటిషను వ్రాయించుకొనుటకు వంగ పట్టణములో తెలుగువకీలు దొరకుట ఆనాటి ఖలాసీకి చిన్న విషయము కాదు.

1927 ఫిబ్రవరిలో మొదటి సమ్మె ఆరంభమయ్యెను. ఖరగ్‌పూరు స్టేషనువద్ద గుమికూడిన కార్మికులపై సాయుధబలము ప్రయోగింపబడెను. కాల్పులు జరిగెను. పలువురు గాయపడిరి. ఆ బలములో రైల్వేలోనే ఉద్యోగులైన ఐరోపా, ఆంగ్లో ఇండియను స్వచ్ఛందసైనికులు ఉండుట గమనింపదగినది. షాపులో నిన్నటి ఫోర్మన్ నేడు తుపాకి పట్టి ఎదుట నిలిచెను. ఈ విషయము కేంద్ర శాసనసభలో చర్చకు వచ్చెను. మార్చిలో ఆ సమ్మె ముగిసెను.

రెండు ఘట్టముల నడుమ రెండు ముఖ్యవిషయములు జరిగినవి. గిరి ఆ సంవత్సరమే జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మికుల ప్రతినిధిగా పోయెను. 1926లో శాసనసభ అంగీకరించిన కార్మికసంఘముల చట్టము 1927 జూన్ 1 నాడు అమలులోనికి వచ్చెను. కావున ఫిబ్రవరిలో సమ్మె చేసినవారి సంఘమునకు ఆ చట్టపు రక్షణ ఇంకను రాలేదు. సెప్టెంబరునాటికి అట్టి రక్షణకు మార్గ మేర్పడియుండెను. చట్టము వచ్చినంతమాత్రమున పరిస్థితి మారలేదని రెండవ ఘట్టము నిరూపించెను.

సెప్టెంబరులో ఖరగ్‌పూరు కర్మాగారమున పదునైదువందలకు పైబడిన పనివారిని తీసివేయుటకు కంపెనీ నిశ్చయించెను. కార్మికులు ప్రతిఘటించిరి. సెప్టెంబరు 12 నాడు కంపెనీ కర్మాగారమునకు లాకౌటు ప్రకటించెను. ప్రతి సంవత్సరము ఆ నెల 17వ తేదీ ప్రాంతమున వచ్చు విశ్వకర్మపూజ వంగదేశపు కర్మాగారములన్నిట పెద్దపండుగ. పనిముట్లకు, యంత్రములకు పూజ జరుగును. కార్మికుల కుటుంబములు షాపులోనికి పోయి చూచునది సాధారణముగా ఆ దినముననే. ఆ సంవత్సరము ఆ పండుగ మూసిన తలుపుల వెలుపల వచ్చినది. దసరా గడచెను, దీపావళి గడచెను, కార్తీకమాసమును గడచెను. డిసెంబరు 8 నాటికి గాని పోరాటము ముగియలేదు. దాదాపు మూడునెలలు ఆ యిండ్లకు జీతము రాలేదు.

దీని ఫలితమునుగూర్చి చరిత్రకారులలో ఏకాభిప్రాయము లేదు. గిరి జీవితచరిత్రకారులు దీనిని శాంతియుతసమ్మె సాధించిన విజయముగా వర్ణించిరి. వామపక్షమువారు నాయకత్వము రాజీమార్గము త్రొక్కెనని విమర్శించిరి. విజయమా, రాజీయా అను ప్రశ్న నాయకత్వమును విచారించువారి ప్రశ్న. మూడునెలలు ఆ యిండ్లు ఎట్లు నిలిచినవి అనునది కార్మికచరిత్ర అడుగవలసిన మొదటి ప్రశ్న.

4. పత్రము, జ్ఞాపకము

ఖరగ్‌పూరున ఈ వ్యాసకర్త సంభాషించిన తెలుగు కుటుంబములవారి మాటలలో 1927నాటి విషయము ముత్తాతల కాలపు కథగా మాత్రమే మిగిలియున్నది. అయినను దానిలో కొన్ని లక్షణములు మరల మరల కానవచ్చును. వానిని మూడుగా విభజింపవచ్చును.

మొదటిది కాలసమ్మేళనము. జ్ఞాపకములో ఫిబ్రవరి సమ్మె, సెప్టెంబరు లాకౌటు అను రెండు ఘట్టములు లేవు. “పెద్ద సమ్మె” ఒక్కటే కలదు. స్టేషనువద్ద తుపాకులు పేలినది, షాపు తలుపులు మూసినది, పండుగనాడు పొయ్యి వెలుగనిది అన్నియు ఆ ఒక్క సమ్మెలోనివే. ఇట్టి సమ్మేళనము నోటిమాటకే పరిమితము కాదు. గిరి సంక్షిప్త జీవితచరిత్రలు పెక్కింటిలో బెంగాల్ నాగపూర్ రైల్వే సమ్మె 1928 నాటిదిగా చెప్పబడుచున్నది. లాకౌటు కాలము 1927 సెప్టెంబరు, డిసెంబరుల నడుమ పడుచున్నది. ఈ భేదమునకు కారణము ఊహింపవచ్చును. 1928 రైలుసమ్మెలకు పేరుపడ్డ సంవత్సరము. హౌరా సమీపమున లిలువా కర్మాగారమునను, దక్షిణమున దక్షిణభారత రైల్వేలోను పెద్ద సమ్మెలు ఆ యేటనే జరిగినవి. పెద్ద సంవత్సరము చిన్న సంవత్సరమును తనలో కలుపుకొనుట చరిత్రలో వింత కాదు. నోటిమాటను తప్పుపట్టుటకు ముందు అచ్చుపుస్తకమును కూడ పరీక్షింపవలెనని దీనివలన తేలుచున్నది.

రెండవది పదప్రయోగము. సమ్మె, లాకౌటు అను రెండింటికి న్యాయశాస్త్రమున గొప్ప భేదము కలదు. పని మానినవాడు కార్మికుడైనచో సమ్మె. తలుపు మూసినవాడు యజమాని యైనచో లాకౌటు. కుటుంబముల మాటలలో లాకౌటు అను పదమే వినరాదు. ఈ విషయమై ప్రశ్నింపగా ఒక వృద్ధురా లిచ్చిన సమాధానము గమనింపదగినది: “తలుపు ఎవలు మూస్తే ఏటి బాబూ? ఇంటికి గింజ రాలేదు కదా!” ఆమె మాటలో అజ్ఞానము లేదు. ఇంటిలోనుండి చూచినపుడు ఆ భేదము నిజముగానే లేదు. కాని చరిత్రకారునకు ఆ భేదము విడువరానిది. 1927 సెప్టెంబరులో తలుపు మూసినది కంపెనీయే. సమ్మె అను ఒకే మాటను వాడినచో ఆ మూడునెలల ఆకలికి బాధ్యత తెలియకుండగనే కార్మికునిమీదికి మరలును. జ్ఞాపకము తన బాధను నిజముగా చెప్పుచునే, ఆ బాధకు కర్త యెవరో మరుగుపరచుచున్నది. పత్రము కర్తను చెప్పును, బాధను చెప్పదు. ఈ రెండింటిని కలిపి చదువుట ఎందుకు అవసరమో తెలుపుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

మూడవది కొలత. ఏమి కోరిరి, ఏమి పొందిరి అను విషయము కుటుంబముల జ్ఞాపకమున దాదాపు లేదు. ఎవరి యింట ఎందరు తిన్నారు, ఎవరు కుటుంబమును స్వగ్రామమునకు పంపిరి, ఏ షావుకారు అప్పు ఇచ్చెను, ఏ యింటివారు క్వార్టరు విడువవలసివచ్చెను అనునవే నిలిచినవి. పల్లెలో భూమిగల కుటుంబము సమ్మెకాలమున భార్యాబిడ్డలను పంపివేయగలిగెను. భూమి లేనివానికి ఆ దారి లేదు. కావున తెలుగు కార్మికుల ఓర్పునకు సంఘబలముతోపాటు స్వగ్రామబంధము కూడ ఒక ఆధారము. కార్మికుడు పల్లెను విడిచిన కొలది దృఢమగునని కొందరు సిద్ధాంతకర్తలు చెప్పుదురు. ఇచ్చట దానికి విపర్యయము కానవచ్చును. పల్లెతో బంధము నిలుపుకొన్నవాడే ఎక్కువకాలము నిలువగలిగెను.

5. 1974

1927 తరువాత చట్టములు మారినవి, యజమానులు మారిరి. 1929 నాటి కార్మికవివాదముల చట్టము ప్రజోపయోగసేవలలో ముందుగా తెలుపక సమ్మె చేయుటను నేరముగా చేసెను. 1944లో బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రభుత్వము వశమయ్యెను. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడగా ఖరగ్‌పూరు దానిలో ముఖ్యకేంద్రమయ్యెను. కంపెనీ పోయి ప్రభుత్వము వచ్చెను. కాని పని యిచ్చువాడును ఇల్లిచ్చువాడును ఒక్కడే యను స్థితి మారలేదు.

ఈ స్థితియొక్క పూర్తిస్వరూపము 1974లో బయటపడెను. ఆ సంవత్సరము మే 8 నాడు దేశవ్యాప్తముగా రైల్వే కార్మికులు సమ్మె ప్రారంభించిరి. పనిగంటల తగ్గింపు, బోనసు, ఇతర ప్రభుత్వరంగసంస్థల ఉద్యోగులతో సమానమైన వేతనము వారి కోరికలలో ముఖ్యములు. సమాఖ్య అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజు మే 2 నాడే నిర్బంధింపబడెను. వేలాది కార్మికులు కారాగారముల పాలైరి. ఇరువది దినములు సాగి మే నెల చివర సమ్మె విరమింపబడెను. దేశమున పలు రైల్వే కాలనీలలో సమ్మె చేసినవారి కుటుంబములను క్వార్టర్లనుండి వెడలగొట్టుట, నీరు, విద్యుత్తు నిలిపివేయుట ఆనాటి వృత్తాంతములలో విరివిగా కానవచ్చును. ఉద్యోగములు పోయినవారిలో అనేకులు 1977లో జనతా ప్రభుత్వము వచ్చిన పిమ్మట తిరిగి తీసికొనబడిరి. రైల్వే ఉద్యోగులకు బోనసు 1979లో లభించెను.

1974 సమ్మెలో పాల్గొన్నవారు నేడు వయోవృద్ధులు. వారి మాటలకును 1927నాటి కథలకును గల పోలిక ఆశ్చర్యకరము. ఇచ్చటను కోరికల పట్టిక ఎవరికిని జ్ఞప్తిలో లేదు. రాత్రి తలుపు తట్టుట అందరికిని జ్ఞప్తిలో కలదు. కాల్‌బాయ్ డ్యూటీకి పిలుచుటకు తట్టిన తలుపునే పోలీసులును తట్టిరి. మగవారు బంధువుల యిండ్లలో దాగగా, గుమ్మమున నిలిచి సమాధానము చెప్పినది స్త్రీలు. కార్మికసంఘ చరిత్రలలో వీరి పేరు లేదు. క్వార్టరు జీవితము నెరిగినవారికి మాత్రము సమ్మెను నిలిపినవారిలో వారు ముందువరుసవారని తెలియును. ఇంటిమీద దెబ్బ పడునపుడు ఇంటి నేలువారే పోరాటమునకు ముందు నిలుతురు.

మరియొక విషయము చెప్పక తప్పదు. 1974 మేలో భారత రాష్ట్రపతి వి. వి. గిరి. రైల్వే కార్మికసమాఖ్య స్థాపకులలో ఒకడు, ఖరగ్‌పూరు కార్మికుల పక్షమున నిలిచినవాడు, స్వతంత్రభారతమున కార్మికశాఖ మంత్రిగా నుండి 1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పు విషయమై పదవి విడిచినవాడు. అతని పదవీకాలముననే ఆ సమాఖ్యవారు కారాగారములకు పోయిరి. ఆ సంవత్సరము ఆగస్టు 24 వరకు అతడు పదవియందుండెను. దీనిని వ్యక్తిదోషముగా గ్రహించుట సులభము. కాని రాజ్యాంగమున రాష్ట్రపతి మంత్రివర్గ సలహాకు బద్ధుడు. వ్యక్తి ఎంతటివాడైనను యజమాని స్థానములో ప్రభుత్వమే యున్నపుడు ఆ స్థానపు స్వభావము వ్యక్తినిబట్టి మారదు. గిరి ఆత్మకథ 1976లో వెలువడెను. ఖరగ్‌పూరు కుటుంబములలో అతని పేరు నేటికిని గౌరవముతో “గిరిగారు” అనియే వినవచ్చును. 1974ను గూర్చి మాట్లాడునపుడు ఆ పేరు వినరాదు. జ్ఞాపకము ప్రేమించినవారిని కొన్నిచోట్ల మౌనముతో కాపాడును. ఆ మౌనమును సయితము పరిశోధకుడు వినగలుగవలెను.

6. పరిశోధకులు చేయవలసినది

ఆవిరియంత్రములు పోయినవి. బ్రాడ్‌గేజిపై వాని నిత్యసేవ 1995తో ముగిసెను. కాల్‌బాయ్ లేడు, బొగ్గుగుంట లేదు. ఖరగ్‌పూరు పేరు నేడు విద్యావంతులకు 1951లో స్థాపింపబడిన సాంకేతికవిద్యాసంస్థవలన తెలియును, సామాన్య ప్రయాణికులకు దాని పొడవైన ప్లాట్‌ఫారమువలన తెలియును. 2020 డిసెంబరులో పశ్చిమవంగ ప్రభుత్వము తెలుగువారికి భాషావిషయమున అల్పసంఖ్యాకవర్గపు గుర్తింపు నిచ్చుటకు నిర్ణయించినపుడు, ఖరగ్‌పూరు తెలుగువారి విషయము మరల వార్తలలోనికి వచ్చెను. ఆ గుర్తింపునకు వెనుక నూరేండ్లకు పైబడిన యార్డు జీవితము కలదని ఎందరు గ్రహించిరో సందేహమే.

తెలుగుశాఖల పరిశోధక విద్యార్థులు చేయదగిన పని ఇచ్చట చాల కలదు. మొదటిది, 1974 తరమువారి మాటలను వారి నోటి తెలుగులోనే, దిద్దక, వ్రాసికొనుట. వారి పలుకులో ఒరియా, వంగ, హిందీ పదములు కలిసియుండును. వానిని తొలగించి శుద్ధము చేసినచో చరిత్రయే తొలగిపోవును. రెండవది, ఇండ్లలో పెట్టెలయందు పడియున్న కాగితములను సేకరించుట. పాసులు, సంఘము చందారసీదులు, బదిలీ ఉత్తరువులు, క్వార్టరు ఖాళీచేయుమను నోటీసులు, స్వగ్రామమునుండి వచ్చిన జాబులు, అచ్చటి తెలుగు నాటకసమాజముల కరపత్రములు మున్నగునవి యెన్నియో యుండును. మూడవది, చెప్పినవారి కాలగణనను పంచాంగముతోను పత్రికలతోను సరిచూచుట. దసరాకు ముందు, కార్తీకము వెనుక అని ముసలివారు చెప్పిన మాటను త్రోసివేయరాదు. సెప్టెంబరు 12నుండి డిసెంబరు 8వరకు అను లెక్కకు అది సరిగా ఒదుగుటను మనము చూచితిమి. నాల్గవది, సమ్మె అని చెప్పిన ప్రతిచోట తలుపు మూసినవా డెవడని అడుగుట.

ఈ పనికి మిగిలిన కాలము స్వల్పము. 1927 తరము గతించినది. వారు చెప్పగా విన్నవారును గతించుచున్నారు. 1974లో ఇరువదియైదేండ్లవాడు నేడు డెబ్బదియైదు దాటినవాడు. అచ్చుకాగితము గ్రంథాలయములో మరి నూరేండ్లు వేచియుండగలదు. మనుష్యుడు వేచియుండడు. పత్రముమీద మాత్రమే ఆధారపడి ఖరగ్‌పూరు చరిత్ర వ్రాసినచో దానిలో ఎందరు పని మానిరో, ఎన్ని దినములు మానిరో యుండును. వారి యిండ్లలో దీపము వెలిగెనో లేదో యుండదు. అది లేనిచో అది రైల్వేచరిత్ర యగునేమో గాని, రైలుపట్టణపు చరిత్ర కాజాలదు.